నేను తాగని కాఫీ

మొన్న శనివారం నేనొక అబద్ధం చెప్పాను. ఈ వయసులో నేను చెప్పే అబద్ధాలు మామూలుగా బీపీ మాత్ర వేసుకున్నాననో, ఆవకాయ జాడీ ముట్టుకోలేదనో మా అమ్మాయికి చెప్పేవే. వాటివల్ల నష్టం ఏదైనా ఉంటే అది నాకే. ఇది అలాంటిది కాదు. పాతిక ముప్పై మంది ముందు, మైకులో, వీడియో తీస్తుండగా చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు.

అమెరికాలో, ఆష్‌బర్న్ ఊళ్ళో మా ఇంటికి దగ్గరగా ఉన్న లైబ్రరీలో ఒక సభ పెట్టారు. పూర్వం ఈ దేశంలో హోటళ్ళలో తెల్లవాళ్ళు తినే బల్లల దగ్గర నల్లవాళ్ళను కూర్చోనిచ్చేవారు కాదు. కొందరు కాలేజీ పిల్లలు వెళ్ళి ఆ బల్లల దగ్గరే కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. ఇవ్వకపోయినా లేవలేదు. మర్నాడు మళ్ళీ వచ్చారు. ఆ సంగతి ప్రపంచంలో ఏ మూలకు ఎలా చేరిందో, అక్కడివాళ్ళు విని ఏం చేశారో చెప్పమని రకరకాల దేశాల నుంచి వచ్చిన పెద్దవాళ్ళను పిలిచారు. మా అమ్మాయి నన్ను అడక్కుండానే నా పేరు ఇచ్చేసింది.

"అమ్మా, స్కూల్లో డ్రామా వేశామని చెప్తుంటావు కదా, అదే చెప్పు. టెన్ మినిట్స్ అంతే. నేను డ్రైవ్ చేసి తీసుకెళ్తాను" అంది.

చెప్పాను. మా ఊరి బడిలో మేం ఆ కథను నాటకంగా ఆడామనీ, ఊరంతా వచ్చి చూసిందనీ, చివర్లో హోటలు యజమానురాలు మనసు మారి మాకు కాఫీ ఇస్తుందనీ చెప్పాను. ముందు వరసలో ఊదారంగు టోపీ పెట్టుకుని ఒక నల్లజాతి పెద్దావిడ కూర్చుంది. నాకంటే ఎనిమిది పదేళ్ళు పెద్దది అయి ఉంటుంది. చిన్న వయసులో ఆమె స్వయంగా అలాంటి బల్ల దగ్గర రోజుల తరబడి కూర్చుందట. నేను చెప్పడం అయ్యాక కర్ర పోటేసుకుంటూ వచ్చి నా చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"వెనకనుంచి నా జుట్టులో పంచదార పోస్తుంటే, ఈ సంగతి వీధి చివరి వాళ్ళకైనా తెలుస్తుందా అనుకునేదాన్ని. అంత దూరాన మీరు నాటకం వేశారా!" అంది ఇంగ్లీషులో. అని, నవ్వుతూ, "మరి ఆఖరికి మీకిచ్చిన కాఫీ తాగారా?" అని అడిగింది.

"తాగాను. చాలా బాగుంది" అన్నాను.

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. అదీ రికార్డయింది.

ఇంటికి వచ్చి చీర మార్చుకునేలోపల మా అమ్మాయి నా ఫోన్ తెచ్చింది. "లింక్ వచ్చేసిందమ్మా. నీ స్కూల్ గ్రూప్‌లో పోస్ట్ చేసేశాను. చూడు, అందరూ ఎలా మెచ్చుకుంటున్నారో." చూశాను. మా బడిలో చదువుకున్నవాళ్ళం మిగిలింది పదిహేడు మందిమి. చప్పట్ల బొమ్మలు, దణ్ణాల బొమ్మలు, 'మన ఊరి పేరు నిలబెట్టావు' అని ఒకాయన. నేను పోగా పదిహేను మంది ఏదో ఒకటి పెట్టారు. ఒక్కావిడ పెట్టలేదు. చూసినట్టు మాత్రం గుర్తు కనబడుతోంది. ఆ నాటకంలో హోటలు యజమానురాలి వేషం వేసింది ఆవిడే. కాఫీ ఇచ్చింది ఆవిడే. ఆ గ్లాసు ఏమైందో అందరికంటే బాగా తెలిసింది ఆవిడకే.

పడుకునేదాకా ఆవిడ పేరు కోసం గ్రూపు తెరిచి చూస్తూనే ఉన్నాను.

మా ఊళ్ళో కాఫీ అనేది పెద్దవాళ్ళ వ్యవహారం. మా నాయనమ్మ వారానికొకసారి గింజలు పెనం మీద వేయించేది. ఆ కమ్మటి మాడు వాసన వీధి అరుగు దాకా వచ్చేది. గోడకు బిగించిన చిన్న మరలో గింజలు వేసి తిప్పడం నా పని. తిప్పినందుకు కూలి, పొడి వాసన పీల్చుకోవడం వరకే. "పిల్లలు కాఫీ తాగితే నల్లబడతారే. నిన్నెవడు చేసుకుంటాడు తర్వాత?" అనేది. నేను అప్పటికే చామనఛాయ కంటే ఒక మెట్టు కిందే ఉన్నాను కాబట్టి ఆ భయం గట్టిగా పట్టుకుంది.

బడి కాలువ గట్టు మీద, రెండు గదులు, ఒక వసారా. వసారాలో నీళ్ళ కుండ. ఆ కుండకు అధికారిణిని నేను. మాస్టారు నాకిచ్చిన ఉద్యోగం కాదది, ఎవరిచ్చారో కూడా తెలియదు, మా అక్క ఆ బడి వదిలాక నాకు వచ్చింది. మేమందరం చెంబుతో ముంచుకుని తాగేవాళ్ళం. కాలువ అవతల పేట నుంచి వచ్చే పిల్లలు నలుగురైదుగురు, అప్పటి మాటలో హరిజనుల పిల్లలు, వసారా కింద నిలబడి దోసిలి పట్టేవారు. నేను పైనుంచి, చెంబు వాళ్ళ చేతులకు తగలకుండా, ధారగా పోసేదాన్ని. చుక్క చెదరకుండా పోస్తానని నాకు గర్వంగా ఉండేది. దాన్నొక విద్య అనుకునేదాన్ని.

ఆ దోసిళ్ళలో ఒకటి, తర్వాత యజమానురాలి వేషం వేసిన ఆ అమ్మాయిది. క్లాసులో నా కంటే చురుకు. పద్యం ఒకసారి వింటే అప్పజెప్పేది. గొంతు విప్పితే కాలువ మీద పడవ వాళ్ళు తలతిప్పి చూడాల్సిందే. నన్ను 'అమ్మాయిగారూ' అనేది. నేను 'ఏమే' అనేదాన్ని. ఇద్దరం ఒకే ఈడు వాళ్ళం. జామకాయ దొరికితే నేను కొరికి మిగిలింది ఆమెకు విసిరేదాన్ని, ఆమె పట్టుకునేది. దాన్ని నేను స్నేహం అనుకున్నాను. ఆమె ఏమనుకుందో నేనెప్పుడూ అడగలేదు.

మాస్టారు పట్నం నుంచి వచ్చిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మధ్యాహ్నం బస్సులో పేపరు వచ్చేది. లెక్కల పీరియడ్ ఆపి మరీ నిలబడి చదివి వినిపించేవారు. అమెరికాలో ఆ పిల్లలు బల్ల దగ్గర కూర్చున్న సంగతి అలాగే విన్నాం. వాళ్ళ నెత్తిన పంచదార పోశారు, పులుసు పోశారు, సిగరెట్టుతో కాల్చారు, అయినా చేయి ఎత్తలేదు, పుస్తకం తెరిచి చదువుకుంటూ కూర్చున్నారు అని చదివారు మాస్టారు. మేం ఏడ్చేశాం. నేనైతే వెక్కివెక్కి ఏడ్చాను. అమెరికా వెళ్ళి ఆ తెల్లవాళ్ళను చెప్పుతో కొట్టి రావాలనిపించింది.

ఏడ్చి ఏడ్చి గొంతెండింది. వసారాలోకి వెళ్ళి చెంబు ముంచుకుని తాగాను. ఆ అమ్మాయీ ఏడ్చింది, ఆమెకీ గొంతెండింది. వచ్చి కింద నిలబడి దోసిలి పట్టింది. ఎప్పటిలాగే పైనుంచి పోశాను.

బడి వార్షికోత్సవానికి ఆ కథే నాటకం వేద్దామన్నారు మాస్టారు. ఆయనే రాశారు. బల్ల దగ్గర కూర్చునే నల్లపిల్లల వేషాలు ఐదు, వాళ్ళకు నాయకురాలు నేను. యజమానురాలి వేషం ఎవరికివ్వాలనే దగ్గర చిక్కొచ్చింది. మంచివాళ్ళ వేషమైతే మా పిల్లలకివ్వండి గాని చెడ్డదాని వేషం వద్దన్నారు ఊళ్ళో అందరూ. ఆ అమ్మాయికి ఇచ్చేశారు. ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. చెడ్డ వేషం పేట పిల్లకే కదా అని సంతోషించారు కూడా. మాస్టారు తెలియక చేశారా, అంతా తెలిసే చేశారా అని ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే, ఆయన మాకంటే చాలా దూరం చూసి ఉంటారనిపిస్తుంది.

నెల రోజులు రిహార్సల్సు. మొహాలకు పూసుకోవడానికి లాంతరు చిమ్నీల్లో మసి దొంగిలించేవాళ్ళం. మా ఇంట్లో చిమ్నీలు రోజూ తళతళలాడుతుంటే, వంటావిడ పనిమంతురాలైపోయిందని నాయనమ్మ ఆవిడకొక రవికెల గుడ్డ పెట్టింది. మిగిలిన మసితో, క్లాసులో నిద్రపోయే ఒక బండోడికి మీసాలు దిద్దాం. వాడు ఆ మీసాలతోనే ఇంటికెళ్ళి వాళ్ళ నాన్నచేత తన్నులు తిన్నాడు. మసి పూసుకుని నల్లవాళ్ళ వేషం వేయడం ఈ దేశంలో ఎంత పెద్ద అవమానమో నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. లైబ్రరీలో ఆ ముక్క కూడా మింగేశాను. ఇంకో వేడుక ఏమిటంటే, ఆ అమ్మాయి నాకంటే రెండు ఛాయలు తెలుపు. అయినా తెల్లదొరసాని కావాలి కాబట్టి ఆమె మొహానికి బియ్యప్పిండి పూశారు.

రిహార్సల్స్‌లో ఆఖరు ఘట్టం ఖాళీ గ్లాసులతో చేసేవాళ్ళం. ఆమె పళ్ళెంలో ఐదు గ్లాసులు తెచ్చి ఇస్తుంది. ముందు నేను తాగాలి, నన్ను చూసి మిగతా నలుగురూ తాగాలి. అప్పుడు తెర. ఈ సంగతి ఎవరు మోశారో గాని నాయనమ్మ చెవిన పడింది.

"ఆ పిల్ల చేతి కాఫీ తాగుతావుటే?"

"ఖాళీ గ్లాసే నాయనమ్మా. నాటకం కదా!"

"ఖాళీదైతే సరే. కాఫీ పోస్తే మాత్రం గొంతు దిగనిచ్చావో, చూసుకో. నాటకమైతే మాత్రం, కాఫీ కాఫీ కాకుండా పోతుందా?"

వార్షికోత్సవం నాడు సాయంత్రం నాలుగింటికే బడి ముందు జనం. ముందు కుర్చీల్లో పెద్దలు, వాళ్ళలో మా నాయనమ్మ. వెనక చాపల మీద మిగతా ఊరు. అందరికీ వెనక, తుమ్మకంచె పక్కన నిలబడి పేట వాళ్ళు. వేయించిన వేరుశనక్కాయల వాసన, చెమట వాసన, మా మొహాల మీద మసి వాసన. రెండు దుప్పట్లు కుట్టిన తెర పక్కకు లాగగానే నా మాట అందుకున్నాను. ఎక్కడా తడబడలేదు.

ఆ అమ్మాయి నడుం మీద చేయి పెట్టుకుని, "మీలాంటి వాళ్ళకి ఇక్కడ చోటు లేదు. లేవండి! కావాలంటే బయట నిలబడి తాగిపొండి!" అని మా మీద విరుచుకుపడింది. తుమ్మకంచె దగ్గర నుంచి ఒక్కసారి ఘొల్లున నవ్వు. ముందు వరసలో పెద్దలు వెనక్కి తిరిగి చూసి, ఎందుకు నవ్వుతున్నారో తెలియక, తామూ నవ్వారు.

మా నెత్తిన పంచదార బదులు ఇసుక పోశారు. మేం లేవలేదు. ఆఖరికి యజమానురాలి మనసు మారింది. లోపలికి వెళ్ళి పళ్ళెం పట్టుకొచ్చింది. ఇత్తడి గ్లాసుల్లోంచి పొగలు వస్తున్నాయి. మాస్టారి భార్య నిజం కాఫీ కలిపి పెట్టింది. మాలో ఎవరికీ ముందు చెప్పలేదు.

ఆమె నా ముందు గ్లాసు పెట్టింది. బియ్యప్పిండి మొహం, నుదుట చెమట పట్టి చారలు కట్టి ఉంది. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. నా జీవితంలో అంతవరకూ ఎవరూ నాకు గ్లాసెడు కాఫీ ఇవ్వలేదు. గ్లాసు ఎత్తాను. వెచ్చటి అంచు పెదవికి తగిలింది. తిరిగి బల్ల మీద పెట్టేశాను.

మిగతా నలుగురూ నా వైపే చూస్తున్నారు. ఒకడు అప్పటికే నోటి దాకా ఎత్తాడు. నేను పెట్టేయడం చూసి వాడూ పెట్టేశాడు. ఐదు గ్లాసులూ బల్ల మీద అలాగే ఉన్నాయి. మాస్టారు రాసిన మాట ఇంకేదీ మిగల్లేదు. జనం గుసగుసలు మొదలుపెట్టారు.

ఆ అమ్మాయి ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. అంతే. తర్వాత ఆ పెద్ద గొంతుతోనే, "అయ్యో, చల్లారిపోయినట్టుంది. ఉండండి, వేడిగా తెస్తాను" అంది. గ్లాసుల్లోంచి పొగలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఐదూ పళ్ళెంలోకి ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. మాస్టారు తెర లాగేశారు. జనం చప్పట్లు కొట్టారు.

తెర వెనక మాస్టారు పళ్ళెంలోంచి ఒక గ్లాసు తీసుకుని నిలబడే తాగారు. ఇంకొకటి ఆమెకిచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఒక దెబ్బ వేసి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. నటనకు బహుమతి నాకే ఇచ్చారు, జామెట్రీ బాక్సు.

ఇంట్లో నూతి దగ్గర నెత్తిన నీళ్ళు గుమ్మరించాక నాయనమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. "తాగలేదుట! నా బంగారు తల్లి!" అని తన గ్లాసులోంచి సగం కాఫీ నాకు పోసింది. నల్లబడతానని ఆ రోజు ఎవరూ అనలేదు. గడగడా తాగేశాను.

మర్నాడు బడిలో నీళ్ళ వేళకు చెంబు పట్టుకుని నిలబడ్డాను. పేట పిల్లలు వచ్చారు. ఆ అమ్మాయి రాలేదు.

"ఏమే, నీళ్ళొద్దా?"

"దాహం లేదండి."

ఆ రోజూ, మర్నాడూ, ఆ ఎండాకాలమంతా దాహం లేదు. గంట కొట్టగానే పరుగెత్తుకుంటూ వంతెన దాటి వాళ్ళ ఇంటికి వెళ్ళి తాగి వచ్చేది. రొప్పుతూ వచ్చి కూర్చుని లెక్క అందరికంటే ముందు చేసేది. నాకు కోపం వచ్చింది. ఎంత పొగరు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

తర్వాత అందరి బతుకుల్లాగే నా బతుకూ ఎటో సాగింది. పెళ్ళయి ఈ దేశం వచ్చాను. ఇరవై ఏళ్ళు ఇక్కడికి దగ్గర్లోని షాంటిలీలో ఒక బడి కెఫెటేరియాలో పిల్లలకు వడ్డించాను. నా చేతులు మసాలా వాసన వేస్తున్నాయని నేను పెట్టింది తీసుకోకుండా పక్క వరసకు వెళ్ళిన పిల్లలు లేకపోలేదు. ఇంటికి వచ్చి మా ఆయనతో, "చూడండి ఈ తెల్లపిల్లల అహంకారం" అని మండిపడేదాన్ని. అప్పుడు కూడా నాకు ఆ గ్లాసు గుర్తు రాలేదు. ఎలా గుర్తు రాకుండా ఉందో నాకే ఆశ్చర్యం. ఇక్కడి పార్టీల్లో కొత్తవాళ్ళు కనబడితే, మీ ఇంటిపేరేమిటమ్మా, ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీసిన నోరు కూడా నాదే.

ఆమె చదువుకుని పంతులమ్మ అయింది, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. గ్రూపులో ఆమె పేరు పక్కన అందరూ 'గారు' అని పెడతారు. నేనూ పెడతాను. ఐదేళ్ళుగా ఆమె నంబరు నా ఫోన్‌లోనే ఉంది. దొరకలేదని చెప్పుకోవడానికి కూడా లేదు.

ఆదివారం పొద్దున్న, సభ ఏర్పాటు చేసిన లైబ్రరీ అమ్మాయికి మెసేజ్ పెట్టాను, నేను చెప్పింది తప్పు, మళ్ళీ వచ్చి సరిగా చెబుతాను, ఆ టోపీ పెట్టుకున్న పెద్దావిడను కూడా పిలవండి అని. తర్వాత ఇండియాకి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం.

"వీడియో చూశానండి. ఇంగ్లీషు బాగా మాట్లాడారు" అంది ఆమె. ఆ గొంతు అలాగే ఉంది, కొంచెం తగ్గింది.

"అందులో అబద్ధం చెప్పానండి నేను. మీకు తెలుసు."

"తెలుసండి. పళ్ళెం పట్టుకున్నది నేనే కదా."

క్షమించమని అన్నాను. మాట సరిగా రాలేదు, రెండుసార్లు అన్నాను. ఆమె పర్వాలేదని అనలేదు. "మా మనవరాలు కూడా చూసిందండి. ఐదో క్లాసు. నీ చేతి కాఫీ వాళ్ళు నిజంగా తాగారా అమ్మమ్మా అని అడిగింది. ఏం చెప్పాలో తోచక తాగారనే చెప్పాను. అప్పుడూ మీ కోసం నేనే సర్దాల్సి వచ్చింది, ఇప్పుడూ నేనే సర్దాను. నాకు ఓపిక లేదండి ఇంక. పిల్ల ఇక్కడే ఉంది. మీరే చెప్పండి" అంది.

నేను వద్దనేలోపలే ఫోన్ చేయి మారింది.

"హలో, చెప్పండి" అంది ఒక చిన్న గొంతు.

చెప్పాను. వీడియోలో చెప్పింది నిజం కాదనీ, గ్లాసు పెదవి దాకా తెచ్చి పెట్టేశాననీ, నన్ను చూసి మిగతావాళ్ళూ పెట్టేశారనీ చెప్పాను. ఆ పిల్ల మధ్యలో అడ్డు రాకుండా వింది.

"మరి ఎందుకు తాగలేదు?"

మా నాయనమ్మంటే భయం అని చెప్పబోయాను. ఇంతసేపూ నేనిక్కడ రాసింది కూడా ఆ మాటకి దారి వేసుకోవడానికేనేమో. కానీ ఆ సాయంత్రం గ్లాసు ఎత్తినప్పుడు నేను ముందు వరస వైపు చూశాను. నాయనమ్మ కుర్చీలో తల వాల్చి నిద్రపోతోంది. నన్ను ఆపేవాళ్ళు ఎవరూ లేరు. పేట పిల్ల పట్టుకున్న గ్లాసు అని నా నోటికే తెలిసింది. నా గొంతే మూసుకుపోయింది.

"నాకే తాగబుద్ధి కాలేదమ్మా" అన్నాను.

"మా అమ్మమ్మ ఇచ్చింది కాబట్టా?"

"అవును."

ఆ పిల్ల ఫోన్ వాళ్ళ అమ్మమ్మకు ఇచ్చింది. ఆమె "ఉంటానండి" అని పెట్టేసింది.